‘రాలేదు’, ‘రాలేరు’ విడిగా నేర్పాలి

సంపాదకులకు,

గజపతి, రాయగడ జిల్లాల్లో ఇంట తెలుగు, బడిలో ఒడియాగా పెరిగే పిల్లలకు ‘లేదు’, ‘కాదు’లను మామూలు క్రియల పట్టికలోనే కలిపి చెబితే ఒక తప్పు పాతుకుపోతుంది.

ఒడియాలో ‘సేమానే నాహాంతి’ అంటే వాళ్లు లేరు. ‘సేమానే ఆసి నాహాంతి’ అంటే వాళ్లు రాలేదు. ‘నాహిఁ’ రెండు చోట్లా బహువచనంలో ‘నాహాంతి’ అయింది. ఆ లెక్కనే పిల్లలు ‘వాళ్లు నిన్న రాలేరు’ అని రాస్తారు. మనకు ‘రాలేరు’ అంటే రావడం వాళ్లవల్ల కాదని! జరగని పనికి నేనైనా, నువ్వైనా, వాళ్లైనా ‘రాలేదు’ ఒక్కటే. ‘లేదు’ ఒంటరిగా ఉన్నప్పుడే లేను, లేవు, లేడు, లేము, లేరు అని మారుతుంది.

‘కాదు’ సంగతి ఇంకా సున్నితం. ‘నేను డాక్టర్ని కాను’ అన్నా, వాడుకలో ‘డాక్టర్ని కాదు’ అన్నా చెల్లుతుంది. ఎవరి మాటో ‘డాక్టర్ని’లోని ‘ని’ ముందే చెప్పేసింది. ‘నేను ఇంట్లో లేదు’ మాత్రం కుదరదు, ‘ఇంట్లో’కి అలాంటి గుర్తు లేదు గనక. ఒడియాలో నామవాచకానికి మనిషిని చెప్పే ఇలాంటి ప్రత్యయాలు చేరవు. అందుకే ‘మేము పిల్లలం’ అనాల్సిన చోట ‘మేము పిల్లలు’ వస్తుంది. దిద్దాల్సింది అక్కడ.

రష్యాలోని పెర్మ్ ప్రాంతపు కోమి-పెర్మ్యాక్ భాషలో పద్ధతి తలకిందులు. మామూలు క్రియకు వ్యతిరేకం చెప్పే మాట మనిషిని బట్టి మారుతుంది: ‘మె ఒగ్ మున్’ నేను వెళ్లను, ‘తె ఒన్ మున్’ నువ్వు వెళ్లవు. ‘నేను ఫలానా కాను’, ‘నువ్వు ఫలానా కావు’ అనడానికి మాత్రం ‘అబు’ ఒక్కటే. ఉండటానికీ చేయడానికీ వ్యతిరేకం వేరువేరుగా నడవడం మన తెలుగు వింత కాదని పిల్లలకు ధైర్యంగా చెప్పవచ్చు.

సరిహద్దు బడుల తెలుగు వాచకాలు తయారుచేసేవారు ముందు లేను, లేవు, లేడు పట్టిక ఇవ్వాలి. అది నోటికి వచ్చాక ‘రాలేదు’ను అన్ని సర్వనామాలతోనూ పలికించాలి. ‘రాలేను, రాలేవు’ మరో పాఠంలో, ‘రేపు’ చేర్చిన వాక్యాలతో రావాలి. మూడూ ఒకే పేజీలో పెట్టవద్దు.

ఇట్లు,
తెలుగు ఉపాధ్యాయులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా