పసుపు కొమ్ము కట్టించిన సిస్టర్‌కి, బొమ్మ గీసి చెప్పిన డాక్టర్ గారికి

మాది దుగ్గిరాల. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే రోజుల్లో మా ఇంట్లో అందరి చేతులూ పచ్చగానే ఉంటాయి. అందుకే అమ్మ ఒళ్లు పచ్చబడుతున్నా వారం దాకా ఎవరం పట్టించుకోలేదు. దురదగా ఉందంటే పసుపు దుమ్మేలే అన్నాం. కళ్లలోకి చూసి "వదినా, ఇదేంటి?" అని అడిగింది పక్కింటి అత్తయ్య. మూత్రం డికాషన్‌లా, విరేచనం సుద్దలా వస్తోందని అమ్మ అప్పుడు చెప్పింది, అదీ సిగ్గుపడుతూ. మొదటి దండం అత్తయ్యకే.

తర్వాత కామెర్లకని పసరు మందుతో ఇంకో పది రోజులు పోగొట్టాం. వద్దని నేనూ గట్టిగా అనలేదు, తప్పు నాది కూడా.

చివరికి గుంటూరు కొత్తపేటలో కడుపు స్కానింగ్ తీయించాం. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయి, పైత్యనాళం 11 మిల్లీమీటర్లకు ఉబ్బింది, చివరి భాగం గ్యాస్ అడ్డొచ్చి కనపడలేదు అని రిపోర్టు. ఇక చూడండి సలహాలు! ఒకరు సీటీ స్కాన్ అన్నారు. ఇంకొకరు నోట్లోంచి గొట్టం వేసి నాళంలో రాయి తీసే ఈఆర్‌సీపీకి నేరుగా వెళ్లిపొమ్మన్నారు. ఒకచోట కౌంటర్లో అన్నీ కలిపి ప్యాకేజీ చెప్పారు, చీరల షాపులోలాగా.

బాబాయ్ తనకు తెలిసిన రేడియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన స్కానింగ్ కవరు వెనక బొమ్మ గీశారు. లివర్ నుంచి కిందికి దిగే గొట్టం, దాని కొసకి అడ్డంగా పేగు. "ఈ నాళం 6 మిల్లీమీటర్ల దాకా ఉంటే మామూలు. ఉబ్బిందంటే కింద ఎక్కడో అడ్డం ఉన్నట్టు. అల్ట్రాసౌండ్ అంతవరకూ చెప్పింది. పేగులో గాలి ఉంటే శబ్ద తరంగాలు దాటవు, అందుకే కొస కనపడలేదు" అన్నారు.

ముందు ఎంఆర్‌సీపీ తీయించమన్నారు, అంటే ఎమ్మారై యంత్రంతో ఈ నాళాలను చూసే స్కాన్. సీటీ ఎందుకొద్దని అడిగాను. అమ్మకి అన్నం తిన్నాక నొప్పి వస్తోందా, బరువు తగ్గిందా అని ఎదురడిగారు. నొప్పి ఉంది, బరువు తగ్గలేదు. నొప్పి లేకుండా కామెర్లొచ్చి మనిషి చిక్కిపోతుంటే క్లోమంలో గడ్డ ఉందేమో చూడాలి, దానికి సీటీ మంచిదట. రాళ్ల దగ్గర మాత్రం అది మోసపోతుంది. కొలెస్ట్రాల్ రాయి, పైత్యరసం సీటీలో చాలాసార్లు ఒకే రంగులో కలిసిపోతాయి. ఎంఆర్‌సీపీలో నీరు తెల్లగా మెరుస్తుంది, రాయి నల్లటి చుక్కలా తేలుతుంది. మందు ఎక్కించక్కర్లేదు, రేడియేషన్ లేదు. మరీ చిన్నవి, మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపు రాళ్లు దానికీ దొరక్కపోవచ్చనీ దాచకుండా చెప్పారు. ఈఆర్‌సీపీ వల్ల నూటికి కొందరికి క్లోమం వాస్తుంది, కాబట్టి రాయి తీయడానికే గానీ ఉందో లేదో చూడ్డానికి వద్దన్నారు. పావుగంట కూర్చోబెట్టి చెప్పినందుకు ఆయన ఫీజు కూడా తీసుకోలేదు.

అసలు కష్టం ఎమ్మారై గది బయట వచ్చింది. ఒంటి మీద లోహం ఉండకూడదు. గాజులు తీసింది. మెట్టెలు నలభై ఏళ్లుగా కదల్లేదు, సబ్బు నీళ్లు పోసి లాగాం. పుస్తెలతాడు దగ్గర మాత్రం అమ్మ మొరాయించింది. "మీ నాన్న బతికుండగా మెడ బోసిగానా? నాకే పరీక్షా వద్దు" అని లేచి నిలబడింది. అక్కడున్న సిస్టర్ ఒక్క మాటా అనలేదు. సొరుగులోంచి దారం, పసుపు కొమ్ము తీసి, "ఇదిగో పిన్నిగారూ, ఇది కట్టాకే అది తీద్దాం" అంది. నాన్న చేతే కట్టించింది. సొరుగులో ఇంకా ఏడెనిమిది కొమ్ములు కనపడ్డాయి నాకు!

లోపల రైస్ మిల్లు ఆడుతున్నట్టు మోత. "ఊపిరి బిగబట్టండమ్మా... వదలండి" అని మైకులో వినపడుతూనే ఉంది. తర్వాత తెర మీద చూపించారు. ఆకులు రాలిన కొమ్మలా తెల్లటి గొట్టాలు, అడుగున శనగగింజంత నల్ల చుక్క.

రాయి ఈఆర్‌సీపీలో తీసి, నాళం మూసుకుపోకుండా స్టెంట్ అనే చిన్న గొట్టం వేశారు. నాలుగు రోజులాగి గాల్ బ్లాడరూ తీసేశారు. కళ్లు తెల్లబడ్డాయి, దురద లేదు.

అడక్కుండానే డబ్బు సర్దిన బాబాయ్‌కి, రాత్రుళ్లు తోడు పడుకున్న మా వదినకి, నాలుగు సార్లు తిప్పి డీజిల్ డబ్బులే తీసుకున్న ఆటో తమ్ముడికి నమస్కారాలు.

వచ్చే నెల స్టెంట్ తీయించడానికి వెళ్తున్నాం. అమ్మ ఇప్పటికే మంచి కొమ్ములు ఏరి ఓ సంచిలో కట్టి పెట్టింది. ఆ సిస్టర్ సొరుగు నింపుతుందట.