నడుము దగ్గర మారే మనిషి

బావా,

"నాయకుల విగ్రహాలేనా, సొంత పని ఏమన్నా చేస్తున్నావా" అని అడిగావు కదా. చేస్తున్నాను. దాని గురించే తీరుబడిగా రాద్దామని కూర్చున్నా. కాస్త పొడుగవుద్ది, కాఫీ పెట్టుకుని చదువు.

షెడ్డులో పాత పని ఎప్పటిలాగే నడుస్తోంది. ఫొటో తెస్తారు, ఇంటిల్లిపాదీ వచ్చి ముక్కు చూస్తారు, మీసం చూస్తారు, "నవ్వు ఇంకొంచెం రావాలండీ" అంటారు. మెడ కింద ఎవరూ చూడరు. అదే పంచె, అదే కండువా, పైకెత్తిన అదే చెయ్యి. పాత మొండెం అచ్చు మీద కొత్త తల పెట్టి పంపినా ఇదేంటని అడిగేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళు ఇదే చేశాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది బావా. మనిషెవరో ముఖం సగమే చెబుద్ది. బరువు ఏ కాలి మీద వేశాడు, నడుము ఎటు వాలింది, మెడ ఎంత సాగింది, మిగతా సగం అక్కడుంది.

దీన్ని నాకు కళ్ళకు కట్టినట్టు చూపించింది కూచిపూడి నుంచి వచ్చే ఒక పెద్దాయన. డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు భామాకలాపం నృత్యనాటకంలో సత్యభామ వేషం కట్టేవాడు. మట్టిలో చేసుకుంటానని అడిగితే ఒప్పుకుని బస్సెక్కి బెజవాడ వస్తున్నాడు. వేషం లేదు, నగల్లేవు, రంగు లేదు. బనీను, పంచె. ప్లాస్టిక్ కుర్చీలోంచి మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, నెమ్మదిగా లేచాడు. "సత్య కావాలా?" అన్నాడు. అప్పుడు జరిగింది నేను ఒక్కొక్కటే చెబుతా చూడు. ముఖం అస్సలు కదలలేదు. ముందు బరువు ఎడమ కాలి మీదికి పోయింది. కుడి మడమ నేలనుంచి లేచింది. ఎడమ తుంటి పక్కకొచ్చింది, దానికి జవాబుగా ఎడమ భుజం దిగింది. మెడ సాగింది. ఆ తర్వాత కుడి చెయ్యి వెనక్కి పోయి, లేని జడను ముందుకు తెచ్చుకుంది. వేళ్ళ మధ్య సందు ఎంతుందంటే, జడ ఎంత లావో నేను కొలిచి చెప్పగలను. కళ్ళు అన్నిటికన్నా ఆఖరున మారాయి.

నువ్వు భామాకలాపం చూశావో లేదో. సత్యభామ తెర వెనక ఉండగానే ముందు జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. మనిషి కనపడక ముందే జడ కనపడాలి, అదీ ఆవిడ దర్పం. ఆ వేషాన్ని తరతరాలుగా కట్టింది మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామకి ఎంత పేరుందో నీకు చెప్పక్కర్లేదు, 1970లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇక నాటకాల్లో మన స్థానం నరసింహారావు గారు. 1902లో బాపట్లలో పుట్టాడు, 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆడవేషం అంటే ఆయన పేరే చెప్పేవాళ్ళు. ఇది మన జిల్లాల్లో కొత్త సంగతేం కాదు బావా. ఒక ఒంట్లోంచి ఇంకో మనిషి బయటికి రావడాన్ని మన తాతలు టిక్కెట్టు కొని, తెల్లారేదాకా కూర్చుని చూశారు. దాన్ని మట్టిలో పట్టుకోవాలని నాకెందుకు ఇంతకాలం తోచలేదో!

అసలు విషయానికొస్తా. పని అయ్యాక మా ఆవిడ కాఫీ తెచ్చిచ్చింది. ఆయన చెయ్యి చాపాడు. ఆ చెయ్యి డెబ్బై ఏళ్ళ పెద్దాయనది, నరాలు తేలి, కొద్దిగా వణుకుతూ. నడుము మాత్రం ఇంకా సత్యభామదే. అట్లా ఒక్క రెండు గుక్కల సేపు ఇద్దరూ ఆ ఒంట్లోనే ఉన్నారు. నాకు ఆ బొమ్మ కావాలి. వేషం కట్టిన సత్యను చాలామంది చేస్తారు, వేషం విప్పిన మనిషినీ చేస్తారు. గ్లాసు పట్టుకున్న ఈ మనిషిని ఎవరూ చెయ్యలేదు.

అర్ధనారీశ్వరుడు ఉన్నాడుగా అంటావేమో. మా గురువు కూడా అదే అన్నాడు. కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి, నడిమధ్యన గీత. గొప్ప ఆలోచనే, కాదనను. కానీ ఈ పెద్దాయన ఒంట్లో గీత లేదు. సత్య నడుములో ఉంది, ఆయన మోచేతిలో ఉన్నాడు, పొట్ట మీద వదులైన చర్మం ఇద్దరిదీ. ఆ చర్మాన్ని నేను దాచటంలా. నాజూగ్గా నునుపు చేస్తే సత్య అబద్ధమైపోద్ది.

కష్టం ఎక్కడంటే లోపలి ఇనుపకమ్మీ దగ్గర. మట్టిని ఎన్నిసార్లైనా చెరిపి దిద్దుకోవచ్చు, లోపల కమ్మీ వంచాక నిలబడే తీరు ఖాయమైనట్టే. ఒంటికాలి మీద బరువు వేసిన మనిషికి గొంతు గుంటలోంచి తాపీమేస్త్రీ తూకం గుండు వదిలితే, అది బరువు మోస్తున్న కాలి చీలమండ దగ్గర పడాలి. లేకపోతే బొమ్మ చూసేవాడికి తెలియకుండానే పడిపోతున్నట్టు అనిపిస్తుంది. ఇక్కడ కాఫీ కోసం చెయ్యి ముందుకొచ్చింది కాబట్టి, వీపు ఒక వీసమంత వెనక్కి పోవాలి. ఆ వీసం కోసమే కమ్మీ విప్పి మళ్ళీ కట్టాను. మట్టి మీద తడిగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పినా మన ఎండలకి ముందు వేళ్ళే ఆరిపోతాయి, పొద్దున్నే వాటికి నీళ్ళు కొట్టాలి.

ఫైబర్‌గ్లాసులో పోత పొయ్యమని అందరూ అంటున్నారు. ఫైబర్ తక్కువదేం కాదు. జి. రవీందర్ రెడ్డి గారు విశాఖలో ఉండి ఆ ఫైబర్‌తోనే కొప్పులో పూలు పెట్టుకున్న మన ఆడవాళ్ళ తలల్ని అంతెత్తున, బంగారు రేకు తాపి ప్రపంచం ముందు నిలబెట్టాడు. కానీ ఈ బొమ్మకు నాకు కాల్చిన మట్టే కావాలి, రంగు లేకుండా. ముక్కలుగా కోసి, లోపల తొలిచి బోలు చేసి కాలుస్తా. మందంగా ఉండి తడి లోపల మిగిలితే బట్టీలో పగిలిపోద్ది. కోసిన అతుకులు కనపడనిద్దామనే అనుకుంటున్నా.

జడ మాత్రం చెయ్యను. వేళ్ళ మధ్య ఆ సందు ఉంటే చాలు. ఈ ధైర్యం నాకు అమరావతి ఇచ్చింది. అక్కడి బౌద్ధ స్తూపం పాత పలకల్లో బుద్ధుడు మనిషిగా ఉండడు. ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, బోధివృక్షం. చుట్టూ ఉన్నవాళ్ళ వంగిన వీపులు చూస్తే ఆయన అక్కడున్నాడని తెలిసిపోతుంది. తర్వాత తర్వాత మనిషి రూపంలోనూ చెక్కారు. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో నాలాగిరి ఏనుగు చక్రం గుర్తుందా, ఇద్దరం కలిసి చూశాం? ఒకే గుండ్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు. ఒకచోట మదమెక్కి వీధిలో పడి తొక్కేస్తోంది, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఏనుగు అదే, బరువు పడే చోటు మారింది. మన పల్నాటి సున్నపురాయిలో ఈ విద్య అప్పుడే ఉంది.

అందుకే నీతో ఒక పనుంది. నువ్వు లండన్‌లోనే ఉన్నావుగా, బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళు. అక్కడ మన అమరావతి పలక ఒకటి రెండువైపులా చెక్కింది ఉంటుంది. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి పని, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం. దాన్నే వెనక్కి తిప్పి, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో రెండో వైపు ఏకంగా స్తూపాన్ని చెక్కారు. ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి, అన్నీ ఎదురుగా తీసినవే. నాకు కావాల్సింది అంచు. పక్కకెళ్ళి నిలబడి, ఆ రెండు పనులకీ మధ్య రాయి ఎంత మందం మిగిలిందో చూడు. తాకనివ్వరు, నీ బెత్తెతో గాల్లోనే అంచనా వేసి రాయి. బట్టీ పెట్టేలోపు నాకు ఆ సంగతి తెలియాలి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళు.

నీ,
బావ