ప్రమాద మృతుల కుటుంబాలకు రెండో ఫారం అందాలి
కారు ఢీకొట్టి మనిషి పోతే బీమా కంపెనీ చూసుకుంటుందని, రాజీ పడితే కేసు పోతుందని విశాఖలో చాలామంది నమ్మకం. హనుమంతవాకలో జరిగినా బీచ్ రోడ్డులో జరిగినా బీమా కట్టేది పరిహారమే, జైలు మాత్రం డ్రైవరుకే. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే కొత్త శిక్షా చట్టమైన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష, జరిమానా. 2024 జూలై 1కి ముందు, పాత చట్టంలో, రెండేళ్లే. బెయిలు దొరుకుతుంది గానీ, చట్టం రాజీకి అనుమతించే నేరాల్లో ఇది లేదు. తాగి నడిపితే హత్య కిందికి రాని నరహత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 105 కూడా పడొచ్చు. కుటుంబాలు దెబ్బతినేది కాగితాల దగ్గర. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న మోటారు వాహన నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి తొలి నివేదిక, 90 రోజుల్లో వివర నివేదిక పంపాలి. బాధితుల హక్కులు రాసివున్న రెండో ఫారం ఇంటివారి చేతికివ్వాలి. ఈ ఫారం పేరు విన్నవాళ్లే అరుదు! గుద్దిన బండి ఆచూకీ దొరక్కపోయినా మృతుడి కుటుంబానికి 2 లక్షలు వస్తాయని కూడా తెలియదు. ఎఫ్‌ఐఆర్ నకలుతో పాటే తెలుగులో అచ్చువేసిన ఫారం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని కేసు ఫైలులో పెట్టాలని నగర పోలీసు కమిషనర్ ఆదేశించాలి. మార్చురీల దగ్గరా అంటించాలి, రాజీ బేరాలాడే దళారులు ముందు చేరేది అక్కడికే.
– ఒక పాఠకుడు, మర్రిపాలెం, విశాఖపట్నం