తుంటి ఎక్స్‌రేలో ఎముక పెరిగితే ఆపరేషనేనా?

సంపాదకుల వారికి,

ఎక్స్‌రేలో తుంటి దగ్గర ఎముక పెరిగిందనగానే చిన్న గాట్లతో చేసే కీహోల్ ఆపరేషన్‌కు సిద్ధమైపోతున్నవారు ఒంగోలు, నెల్లూరుల్లో కనబడుతున్నారు. అది ఏ రకం పెరుగుదలో తేలకుండా తొందరపడొద్దని మా మనవి.

తొడ ఎముక పైకొనలోని బంతి, దాని కింది సన్నటి మెడ కలిసేచోట ఉబ్బు ఉంటే, లేదా ఆ బంతి కూర్చునే గిన్నె అంచు పొడుచుకొస్తే, గొంతుక్కూర్చున్నప్పుడు రెండూ ఒరుసుకుని గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ, అంటే లాబ్రమ్, చిరగొచ్చు. గజ్జలో నొప్పి పుడుతుంది. అయితే ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ ఈ ఉబ్బు మామూలే. నొప్పి, చేత్తో తిప్పి చూసిన పరీక్ష, ఎక్స్‌రే మూడూ ఒకే మాట చెప్పాలి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు వారికి ఇంకో చిక్కుంది. ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే అక్కడి ఫ్లోరోసిస్, అంటే తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు, వైద్య పత్రికకెక్కింది. ఫ్లోరోసిస్‌లో కటి చుట్టూ స్నాయువులు సున్నం పట్టి ముళ్లలా పెరుగుతాయి. జబ్బు ఒంట్లోని ఎముకలన్నిటిదీ కాబట్టి ఒకచోట చెక్కితే తీరదు. ముంజేయి ఎక్స్‌రేలో రెండెముకల నడుమ పొర గట్టిపడి కనిపిస్తే అనుమానించాల్సిందే. స్టెరాయిడ్లు, మద్యం వాడినవారికైతే బంతికి రక్తం అందక కుళ్లడమూ ఇలాగే నొప్పిస్తుంది. దానికి ఎమ్మారై తీయాలి.

నొప్పి ఆ ఉబ్బు వల్లేనని తేలినా, ముందు మూడు నెలలు ఫిజియోథెరపీ చేయాలి. ఎక్స్‌రేలో బంతికీ గిన్నెకీ నడుమ సందు 2 మి.మీ. కన్నా తగ్గిపోతే ఈ ఆపరేషన్ వల్ల లాభం లేదు.

ఆపరేషన్‌లో కాలిని లాగి బంతిని సుమారు 10 మి.మీ. ఎడం చేసి, చిన్న గాట్ల ద్వారా లాబ్రమ్‌ను ఎముకలో దిగేసే చిన్న మేకుల్లాంటి యాంకర్లతో కుడతారు. లాగుడు వదిలాక బర్ అనే తిరిగే చెక్కుడు పనిముట్టుతో ఉబ్బు చెక్కుతారు. లాగుడు రెండు గంటలు దాటితే నరాలు నొక్కుకుని మర్మావయవాల దగ్గర తిమ్మిరి రావచ్చు. రెండోసారి ఆపరేషన్ పడడానికి ముఖ్యకారణం ఉబ్బు కొంత మిగిలిపోవడం. అలాగని తొడ ఎముక మెడ మందంలో 30 శాతం దాటి చెక్కితే ఎముక విరగొచ్చు. అందుకే థియేటర్‌లోనే సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం కింద కాలు తిప్పి తిప్పి చూసుకోవాలి. ఈ పనిలో చెయ్యి తిరిగిన సర్జనేనా అని అడగడానికి మొహమాటపడొద్దు.

తర్వాత రెండు మూడు వారాలు చంకకర్రలు తప్పవు, నేలమీద కూర్చోకూడదు. కండలో కొత్త ఎముక పేరుకోకుండా కొన్ని వారాలు నొప్పి మాత్రలు రాస్తారు. అవి కిడ్నీకి చేటు, మొదలుపెట్టేముందే కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి.

- కొందరు ఎముకల వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, ఒంగోలు