మళ్లీ సైకిలెక్కేవాళ్లకి ఏ బండి అమ్ముతున్నారు?

సంపాదకులకు,

2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది, సంతోషమే. షుగరొచ్చిందనో, డాక్టరు చెప్పారనో యాభై దాటాక మళ్లీ సైకిల్ కొనేవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. వాళ్లకి షాపుల్లో అంటగడుతున్న బండ్లు చూస్తే కడుపు మండుతోంది.

అడగ్గానే ముందు షాకులు (కుదుపులు తగ్గించే స్ప్రింగులు), డిస్క్ బ్రేకులు, 21 గేర్లు చూపిస్తారు. పదిహేను వేలలోపు బండికి వేసే షాకులు బరువు పెంచడానికి తప్ప పెద్దగా పనికిరావు, పైగా మనం తొక్కే బలంలో కొంత ఆ స్ప్రింగే మింగేస్తుంది. గుంతల రోడ్డుకి కావాల్సింది కాస్త వెడల్పు టైరు. షాకులు లేని మామూలు హైబ్రిడ్ (రోడ్డు బండికీ కొండబాటల బండికీ మధ్యరకం) తీసుకుని, టైరు పక్కన 700x35 నుంచి 700x40 మధ్య అంకె ఉందేమో చూసుకుంటే చాలు, అందులో రెండో అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చక్రం అంచుని రబ్బరు ముక్కలతో పట్టి ఆపే వి-బ్రేకులైతే, ఆ రబ్బర్లు అరిగినా సందు చివర మెకానిక్కే మార్చేస్తాడు. మా విజయవాడలాంటి చదును ఊరికి వెనక ఏడు గేర్లు సరిపోతాయి, విశాఖలో ఎత్తులెక్కేవాళ్లకైతే ముందు కూడా చిన్న పళ్లచక్రం ఉండాలి.

అసలు సంగతి ఫ్రేము సైజు, దాన్ని అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు. మా పక్కింటి పిన్నిగారు అయిదడుగుల రెండంగుళాలుంటారు, స్టాకులో అదే ఉందని ఆవిడకి 19 అంగుళాల ఫ్రేమిచ్చి పంపారు. చేతులు బారచాపితే గానీ హ్యాండిల్ అందదు, వారం తిరక్కుండా మెడ పట్టేసింది. ఇప్పుడా సైకిల్ బాల్కనీలో ఉంది, దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారు. బండికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే అడ్డ కడ్డీకీ మనకీ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. సీటు సంగతీ అంతే. కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలని కిందికి దించేస్తారు, దాంతో మోకాళ్ల మీద భారం పడుతుంది. పెడల్ అడుగుకి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి, అంత ఎత్తుకి పెట్టించుకోండి.

షాపువాళ్లు ధర చీటీ మీదే ఫ్రేము సైజు, బండి బరువు రాయాలి, డబ్బు కట్టించుకునే ముందు వీధి చివరిదాకా ఒకసారి తొక్కనివ్వాలి. మీ పత్రికకి సైకిల్ ప్రకటనలు వచ్చినప్పుడు కూడా ఆ రెండు అంకెలూ అడిగి వేయించండి, దయచేసి.

– ఒక పాఠకుడు, విజయవాడ