కొత్తనీటిలో చేపల పోటీలా?

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళంలో గేలాలు, రాడ్లు, రీళ్లు అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి. చేపలవేట పోటీలు జరిగితే ముందు నాలుగు డబ్బులు వచ్చేది నాకే. అయినా మొన్న ఆషాఢంలో నాగావళి ఒడ్డున జరిగిన పోటీ చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

అన్నిటికంటే బరువైన చేపకు మొదటి బహుమతి అన్నారు. కొత్తనీరు వచ్చే రోజుల్లో బరువు తూగేది కడుపునిండా జన (గుడ్లు) ఉన్న తల్లి చేపే కదా! శీలావతి (రోహు) చేప కిలో బరువుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. వరద రాగానే ఎదురీదుకుంటూ పైకి పోయే చేపలు నారాయణపురం ఆనకట్ట లాంటి చోట దారి లేక కిందే గుమిగూడతాయి. అక్కడ గేలం వేసి పట్టడం ఏం గొప్ప?

కొర్రమీను సంగతి మరీ అన్యాయం. దాని పిల్లలు ఎర్రగా గుంపుకట్టి పైకి తేలి, గాలి పీల్చుకుని మునుగుతుంటాయి. కింద పెద్దచేపలు కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదికి గేలం ఉన్న రబ్బరు కప్పను విసిరితే, ఆకలి లేకపోయినా పిల్లల కోసం వచ్చి కరుస్తాయి. పెద్దది పోతే పిల్లలు మిగతా చేపల పాలే.

‘తూకం వేసి వదిలేశాం కదా’ అంటున్నారు. సాయంత్రం దాకా టబ్బులో ఉంచితే వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ ఏముంటుంది? పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోయి జబ్బు పడుతుంది. వదలగానే ఈదుకుంటూ పోయింది కదా అని బతికినట్టు కాదు.

తూటాలు పేల్చి, మందు కలిపి చేపలు పట్టడం 1897 మత్స్య చట్టం నుంచే నేరం. గేలానికి ఆ అడ్డు లేదని కుర్రాళ్ల ధీమా. చెరువుల్లో పోటీ పెట్టేవాళ్లకు ఇంకో మాట: బొచ్చె (కట్ల), శీలావతి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. ఏటా పిల్లలు తెచ్చి వదలాలి, ఆ ఖర్చు మత్స్యకార సంఘానిది. వాళ్లను అడగకుండా గేలం వెయ్యకూడదు, ఎంట్రీ ఫీజులో వాటా కూడా ఇవ్వాలి.

పోటీలు వద్దనను. కార్తీకం దాటాక పెట్టండి. బరువు బదులు పొడవు కొలిచి, ఫోటో తీసి, తడి చేతులతో అక్కడికక్కడే వదిలెయ్యండి. గేలం కొసన వెనక్కి తిరిగి ఉండే ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తే చేప నోరు అంతగా చిరగదు. ఆషాఢ, శ్రావణాల్లో పెట్టే పోటీల బ్యానర్ నా కొట్టుకు కట్టనని ఇప్పటికే చెప్పేశాను. ఈ పద్ధతిలో పెడితే మొదటి బహుమతి రాడ్ నేనే ఇస్తాను.

– గేలాల వ్యాపారి, శ్రీకాకుళం