ఆ వేలిముద్ర పెట్టిన మామ్మకు

రాత్రి ఒంటిగంటన్నర దాటింది. ముంబయిలో హోటల్ గదిలో ఉన్నాం. అమ్మ నిద్రపోతోంది. ఇంత గాఢంగా పడుకోవడం ఈ మధ్య చూడలేదు. నాకు మాత్రం నిద్ర రావడం లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. తెల్లారితే మళ్ళీ పనుల్లో పడి రాయలేనేమోనని భయం. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నిన్న ఉదయం బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని అమెరికా కాన్సులేట్‌లో అమ్మకు ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ అయింది. వీసా ఇస్తామన్నారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు, కొద్ది రోజుల్లో వస్తుంది. నాన్న పోయాక రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్కతే ఉంటున్న మా అమ్మ, 72 ఏళ్ళ మనిషి, ఇక అమెరికాలో నా దగ్గర ఉంటుంది. ఈ వీసాతో అక్కడ దిగిన రోజు నుంచే ఆమె పర్మనెంట్ రెసిడెంట్. ఆ వీసా మీద ఎయిర్‌పోర్టులో వేసే ముద్రే ఏడాది పాటు గ్రీన్ కార్డులా చెల్లుతుంది, అసలు కార్డు తర్వాత పోస్టులో ఇంటికి వస్తుంది. ఇదంతా నాకు ఇప్పుడు కంఠతా వచ్చు.

తమ్ముడు, మావారు, గుంటూరులో మా చిన్నమ్మమ్మ, పిల్లలు అందరూ చేయాల్సింది చేశారు. వాళ్ళకు థాంక్స్ చెబితే కోప్పడతారు. నేను రాయాలనుకున్నది ఒక మామ్మ గురించి. మే నెల దాకా ఆవిడ ఎవరో నాకు తెలియదు.

ముందు సంగతి చెప్పాలి. నాకు అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక అమ్మకు ఐ-130 పిటిషన్ వేశాను, అంటే ఈమె మా అమ్మ, ఇక్కడికి రానివ్వండి అని అక్కడి ప్రభుత్వానికి పెట్టే అర్జీ. తల్లిదండ్రుల కేసులకు అన్నదమ్ముల కేసుల్లా ఏళ్ళ తరబడి వరసలో కూర్చోవాల్సిన పని లేదు, అందుకే తేలిక అనుకుంటాం. డబ్బు కట్టే పనులు నిజంగానే తేలిక. వీసా ఫీజు 325 డాలర్లు, నా స్పాన్సర్ కాగితాలు చూడటానికి 120 డాలర్లు, ఒక్క పూటలో ఆన్‌లైన్‌లో అయిపోయాయి. డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారం నింపడానికి రెండు రాత్రులు పట్టింది. పోలీస్ క్లియరెన్స్ కూడా పెద్ద కష్టం కాలేదు. ఆగిపోయింది ఒక్క దగ్గర: అమ్మ పుట్టిన సర్టిఫికెట్.

అమ్మ 1953 జులైలో తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్ళో ఇంట్లోనే పుట్టింది. పాస్‌పోర్టులో ఉన్న తేదీ మా తాతయ్య పంచాంగం అట్ట వెనక రాసుకున్నది, బడిలో కూడా అదే రాయించారు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1969లో. అంతకు ముందు పల్లెల్లో మునసబు రాస్తే రాసినట్టు, లేకపోతే లేదు. 1984లో మునసబు, కరణాలను తీసేశాక ఆ పుస్తకాలు ఎక్కడెక్కడికి పోయాయో ఆ దేవుడికే తెలియాలి. సర్టిఫికెట్ లేని పెద్దవాళ్ళకు దారి ఉంది. మా రికార్డుల్లో లేదని ఆఫీసు వాళ్ళు ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, బడి రికార్డు, దాంతోపాటు అమ్మ కంటే వయసులో పెద్దవాళ్ళు, ఆమె పుట్టుక స్వయంగా తెలిసినవాళ్ళు ఇచ్చే అఫిడవిట్లు. మాకు సలహా చెప్పినవాళ్ళు రెండు ఉంటే మంచిదన్నారు.

ఆ నాన్ అవైలబిలిటీ కోసం నేను ఒక ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాను. ఆఫీసు పేరు రాయను. ఆ ఏడాది రిజిస్టరు చెదలు తినేసిందన్నారు. సరే, లేదని రాసివ్వండి అన్నాను. "రిజిస్టరే లేనప్పుడు అందులో పేరు లేదని ఎలా రాస్తామమ్మా?" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఎదురుగా 71 ఏళ్ళ మనిషి చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పుట్టిందనడానికి ఆమె చాలదు. రిజిస్టరును కాపాడుకోలేకపోయింది వాళ్ళు, రుజువు తెచ్చుకోవాల్సింది మేము. కూర్చోమని ఒక కుర్చీ చూపించినవాళ్ళు లేరు. అక్కడ మాలాగే ఇంకా ఎంతమంది ముసలివాళ్ళు ఎండలో వరండా మెట్ల మీద కూర్చున్నారో. వాళ్ళలో అందరికీ మూడు వారాల సెలవు పెట్టుకుని వచ్చి వెంటపడే కూతుళ్ళు ఉండరు. ఈ ఒక్క విషయం మాత్రం రాయకుండా ఉండలేకపోయాను.

సరే, అఫిడవిట్ల సంగతి. చిన్నమ్మమ్మకు 88 ఏళ్ళు, మంచం మీద ఉంది. తమ్ముడు కారులో గుంటూరు వెళ్ళి, నోటరీ గారిని ఇంటికే తీసుకెళ్ళి సంతకం పెట్టించాడు. రెండోది ఎవరు? అమ్మ కంటే పెద్దవాళ్ళు మా బంధువుల్లో ఇక ఎవరూ లేరు. ఒక రాత్రి అమ్మ మంచం మీద లేచి కూర్చుని, "మా మంత్రసానికి ఒక కూతురుండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. ఉందో లేదో" అంది.

మర్నాడు ఆటోలో ఆ ఊరు వెళ్ళాం. పంచాయతీ దగ్గర టీ కొట్టు ఆయన చెయ్యి చూపించి దారి చెప్పాడు. కాలనీలో చివరి ఇల్లు. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది మామ్మ. అమ్మ తన తండ్రి పేరు చెప్పింది. మామ్మ కత్తిపీట పక్కన పెట్టి, కళ్ళు చిట్లించి చూసి, "ఆనకట్ట తెగిన మరుసటేడు పుట్టిన పిల్లవి కదమ్మా" అంది.

కృష్ణకు బెజవాడ దగ్గర పాత ఆనకట్ట తెగింది 1952లో. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ ఆ తర్వాత కట్టిందే. ఏ ఆఫీసులోనూ దొరకని ఏడాది ఆవిడ నోట్లోంచి అలా వచ్చేసింది.

అప్పుడు తనకు పన్నెండు పదమూడేళ్ళట. వాళ్ళమ్మ పురుడు పోస్తుంటే వేణ్ణీళ్ళు అందించిందట. ఆషాఢం మొదట్లో, ముసురు పట్టిన రాత్రి. బిడ్డ పుట్టగానే ఏడవలేదట. వాళ్ళమ్మ కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి, వీపు మీద తట్టి, నోట్లో ఊదితే అప్పుడు ఏడ్చిందట. మా అమ్మకు ఈ సంగతి తెలియదు. 71 ఏళ్ళకు మొదటిసారి వింది. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆ మంత్రసాని పేరు కూడా మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. మామ్మ చెబితేనే తెలిసింది. ఇంకో మాట కూడా చెప్పింది, నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. వాళ్ళు ఎప్పుడూ దొడ్డి గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్ళట. గదిలోకి వచ్చేది పురుటి రోజు ఒక్కటే. మా అమ్మ తల వంచుకుంది. నేనూ వంచుకున్నాను.

"వేలిముద్ర వేయాలి మామ్మా, తెనాలి రావాలి" అన్నాను. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. చీర మార్చుకుని వచ్చి ఆటో ఎక్కింది. అమ్మను "అమ్మాయిగారూ" అని పిలుస్తుంటే అమ్మ చెయ్యి పట్టుకుని "గారు వద్దక్కా" అంది. ఆవిడ నవ్వి ఊరుకుంది గానీ పిలుపు మార్చలేదు.

తెనాలిలో నోటరీ గారు మంచాయన. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అంతా టైపు చేయించారు. గుర్తింపు కోసం మామ్మ ఆధార్ అడిగారు. అందులో పుట్టిన సంవత్సరం 1958 అని ఉంది. కార్డు తీసేటప్పుడు ఎవరో తోచింది వేసేశారు. కాగితం ప్రకారం మామ్మ మా అమ్మ కంటే అయిదేళ్ళు చిన్న. పుట్టుక చూశానని ఎలా రాస్తారు? నోటరీ గారు పెన్ను కింద పెట్టేశారు. నా తిరుగు ప్రయాణం మర్నాడే. ఆయనకు మూడింటికి వేరే ఊళ్ళో పని ఉంది. అప్పటికి పన్నెండున్నర. అదే సమయంలో ఎండకు అమ్మకు కళ్ళు తిరిగి బల్ల మీద వాలిపోయింది. కారు తమ్ముడితో గుంటూరులో ఉంది. నేను అమ్మను పట్టుకోవాలా, తమ్ముడికి ఫోన్ చేయాలా, ఏం చేయాలో తెలియలేదు. బీపీ మాత్ర వెతికి, నీళ్ళు తాగించి, ముఖం తుడిచి తలెత్తేసరికి మామ్మ లేదు.

విసిగి వెళ్ళిపోయిందనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

రెండున్నర కావస్తుండగా వచ్చింది. షేర్ ఆటోలో ఒక్కతే ఊరికి వెళ్ళి, మళ్ళీ షేర్ ఆటోలో వచ్చింది. 84 ఏళ్ళ మనిషి, మే నెల ఎండలో, తన డబ్బులు పెట్టుకుని. కొంగు ముడిలోంచి ఒక గుడ్డ మూట తీసింది. అందులో పాత ఓటరు కార్డు, అంచులు విడిపోయి పసుపు పచ్చగా ఉంది. 1-1-1995 నాటికి వయసు 54 అని ఉంది దాని మీద. "ట్రంకుపెట్టె అడుగున ఉందని గుర్తొచ్చిందమ్మా. మా ఆయన పోయినప్పుడు ఆయన కార్డుతో కలిపి దాచాను" అంది.

ఇంకో చేతిలో ప్లాస్టిక్ సీసా. దాని నిండా మజ్జిగ, ఉప్పు, నిమ్మాకు వేసినది. "అమ్మాయిగారికి కళ్ళు తిరిగాయిగా, వడదెబ్బ" అని అమ్మ చేతికి ఇవ్వబోయి ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో మా ముగ్గురికీ తెలుసు. అమ్మ ఆ సీసా అందుకుని మొత్తం తాగింది. తాగుతూ ఏడ్చింది. నేను ఆఫీసు బయటకు వెళ్ళి గోడకు ఆనుకుని ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా అందరి ముందూ అలా ఏడవలేదు.

నోటరీ గారు ఓటరు కార్డు నంబరు వేయించి కాగితం మళ్ళీ టైపు చేయించారు. మామ్మ ఎడమ బొటనవేలు వేసింది. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. "మా అమ్మకు అప్పుడే ఇచ్చారుగా, మానెడు వడ్లు, ఒక చీర" అంది. మా అమ్మ ప్రాణం నిలబెట్టినందుకు మా వాళ్ళు ఇచ్చింది అది. మళ్ళీ ఎవరైనా అడిగితే చెప్పుకోలేని లెక్క. ఆటో ఎక్కించేటప్పుడు బలవంతాన కొంగులో పెట్టబోయాను, ఒప్పుకోలేదు. ఆటో ఛార్జీ మాత్రం తీసుకుంది, అదీ నేను మరీ బతిమాలితే.

నిన్న లోపలికి నన్ను రానివ్వలేదు. ఫోన్లు కూడా తీసుకెళ్ళకూడదు. రోడ్డు పక్కన నిలబడ్డాను, రెండు గంటలకు పైగా. బయటకు వచ్చాక అమ్మ చెప్పింది. తెలుగులోనే అడిగారట. పుట్టిన సర్టిఫికెట్ ఎందుకు లేదన్నారట, ఇంట్లో పుట్టానని చెప్పిందట. ఈ వేలిముద్ర ఎవరిది, మీకేమవుతారు అన్నారట. చుట్టం కాదని, నాకు పురుడు పోసినామె కూతురని చెప్పిందట. ఆఫీసరు కాగితం చదువుకుని ఇంకేం అడగలేదట.

సాయంత్రం మామ్మ మనవడికి ఫోన్ చేశాను. ఫోన్ ఆవిడకు ఇచ్చాడు. "నా వేలు పనికొచ్చిందా?" అని అడిగింది మొదట. పనికొచ్చింది మామ్మా అన్నాను. "అక్కడ మజ్జిగ దొరుకుతుందా?" అంది తర్వాత. దొరుకుతుందన్నాను. ఆపైన నాకు మాట పెగల్లేదు, ఫోన్ అమ్మకు ఇచ్చేశాను. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అమ్మ ఇప్పుడు కూడా అక్కా అనే అంటోంది.

మామ్మ చదవలేదు. మనవడు చదివి వినిపిస్తానన్నాడు. మామ్మా, మీకు, మీ అమ్మగారికి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. 72 ఏళ్ళు ఆలస్యంగా చెబుతున్నాం.

రాసింది మళ్ళీ చదువుకుంటే ఎంతమందిని వదిలేశానో తెలుస్తోంది. ఆ ఆఫీసులోనే ఒక అమ్మాయి ఉంది, కొత్తగా చేరినట్టుంది. ఆరోసారి వెళ్ళినప్పుడు నన్ను పక్కకు పిలిచి, "పేరు లేదని కాదండీ, ఆ సంవత్సరం రికార్డు అందుబాటులో లేదని రాసివ్వమని అర్జీ పెట్టండి" అని చెప్పింది. ఆ ఒక్క వాక్యంతో పని అయింది. పైన ఆఫీసు మీద కోపంలో ఆమె సంగతి రాయలేదు, క్షమించాలి. నోటరీ గారి దగ్గర టైపు చేసే కుర్రాడు అన్నం మానేసి కాగితం రెండుసార్లు కొట్టాడు. మెడికల్ పరీక్షలప్పుడు అమ్మకు టీకాలంటే భయమని చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పిన నర్సమ్మ, మలయాళీ అనుకుంటాను. నిన్న రోడ్డు మీద నిలబడ్డప్పుడు నాకు గొడుగు పట్టిన వరంగల్ అన్నయ్య, వాళ్ళ నాన్నగారిది కూడా నిన్ననే ఇంటర్వ్యూ, ఆయనకూ వచ్చి ఉండాలని కోరుకుంటున్నాను. టీ కొట్టు ఆయన. అమ్మ లేనప్పుడు ఇంట్లో తులసికి నీళ్ళు పోస్తున్న ఎదురింటి పిన్నిగారు.

అయ్యో, మా మరదలి పేరే ఎత్తలేదు. మేలో నేను ఆఫీసుల చుట్టూ తిరిగిన మూడు వారాలూ మా ఇద్దరు పిల్లల్నీ తన దగ్గరే ఉంచుకుంది, చిన్నోడికి జ్వరమొస్తే నాకు చెప్పకుండా తనే రెండు రాత్రులు మేలుకుంది.